కుండ లేని తంత్రీవాద్యము

బొబ్బిలి వీణకు పనసమానును తొలిచి కుండను చేయుదురు. మీటిన తీగె తానుగా చేయు ధ్వని అతిస్వల్పము. సన్నని తీగె గాలిని కోసికొని పోవునే గాని దానిని కదలింపజాలదు. తీగె కంపనము గుర్రము మీదుగా కుండ పైపలకకు ప్రాకి, ఆ వెడల్పైన పలక గాలిని కదలించినప్పుడే నాదము వినవచ్చును. గిటారుకును ఇదియే సూత్రము. అట్టి కుండనే తీసివేసి, ఆ స్థానమున గట్టి చెక్కదిమ్మను పెట్టిన వాద్యము ఇరువదవ శతాబ్దిలో లోకమంతట వ్యాపించినది. ఇది ఎట్లు సాధ్యమయ్యెను?

1920 తరువాత అమెరికాలో నృత్యమేళములు పెద్దవయ్యెను. ట్రంపెట్లు, సాక్సఫోనులు, డ్రమ్ములు మ్రోగుచుండగా గిటారు వాయించువాడు ఉన్నాడో లేడో తెలియకుండెను. వినబడని వానికి మేళములో చోటెంతకాలముండును? కనుక ఇది శాస్త్రజ్ఞుల కుతూహలమునకు ముందు వాద్యకారుల జీవనసమస్య.

లాస్ ఏంజిలిస్ నగరమున జార్జి బీచమ్ అను వాద్యకారుడును, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అను పనిముట్ల నిపుణుడును దీనికొక ఉపాయము కనుగొనిరి. 1831లో ఫారడే చూపిన విద్యుదయస్కాంత ప్రేరణమే దానికి ఆధారము. అయస్కాంతము చెంత ఉక్కుతీగెను సాగదీసినచో తీగెకును అయస్కాంతత్వము వచ్చును. అది కంపించినప్పుడు చుట్టునున్న అయస్కాంతక్షేత్రము మారును. ఆ మార్పు వలన ప్రక్కనున్న రాగితీగె చుట్టలో అదే వేగముతో ముందువెనుకలాడు స్వల్ప విద్యుత్తు పుట్టును. దానిని రేడియోలోవలె పెద్దది చేసి లౌడ్‌స్పీకరుకు పంపిన చాలును. ఈ గ్రాహకమునకు పికప్ అని పేరు. నరపుతీగె, నైలాను తీగె దీనికి పనికిరావు.

వారి వాద్యమునకు 1931లో కొయ్యనమూనా తయారయ్యెను. మరుసటి సంవత్సరము అల్యూమినియముతో పోతపోసి అమ్మకమునకు తెచ్చిరి. చూచుటకు అది వంటింటి పెనమువలెనే యుండుటచే జనులు దానికి ఆ పేరే పెట్టిరి. ఒడిలో పరుండబెట్టి ఉక్కుకడ్డీతో వాయించు హవాయి తరహా గిటారు అది. రంగస్థల దీపముల వేడికి లోహము వ్యాకోచించి శ్రుతి తప్పుచుండెడిది. పేటెంటుకు 1934లో అర్జీ పెట్టగా 1937లో గాని చేతికి రాలేదు. ఆలోగా ఇతరులు ఊరకుందురా? 1936లో గిబ్సన్ కంపెనీ మామూలు డొల్ల గిటారుకే పికప్ అమర్చినది. 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళమున చేరిన చార్లీ క్రిస్టియన్ దానిపై ఒంటిస్వరముల ఆలాపన చేసి గిటారుకు ముందువరుసలో స్థానము సంపాదించెను.

అయితే డొల్ల గిటారులో ఒక చిక్కు కలదు. లౌడ్‌స్పీకరు ధ్వని వచ్చి గిటారు పైపలకకు తగులును. పలక కదలి తీగెను కదలించును. పికప్ దానిని మరల స్పీకరుకు పంపును. ఇట్లు తిరిగి తిరిగి చివరకు భయంకరమైన కూత పుట్టును. ధ్వనిని పెంచుటకు పూర్వము అత్యవసరమైన ఆ పలకయే ఇప్పుడు శత్రువయ్యెను! లెస్ పాల్ 1941 ప్రాంతమున నాలుగంగుళముల చదరపు దేవదారు దిమ్మకు తీగెలు కట్టి ఈ కూతను పోగొట్టెను. దుంగను చూచి శ్రోతలు మెచ్చలేదట. ఒక డొల్ల గిటారును కోసి ఆ చెక్కలను ఇరుప్రక్కల అతికించిన తరువాత, నాదము మారకున్నను, మెచ్చిరని ఆయనయే చెప్పుచుండెడివాడు. గిబ్సన్ వారు మాత్రము అప్పట్లో ఆ దుంగను ఆదరింపలేదు.

ఆదరణ తెచ్చినవాడు కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయు లియో ఫెండర్. ఆయనకు గిటారు వాయించుట రాదు. అది లోపమనిపించును గాని, పాత సంప్రదాయముపై మమకారము లేకుండుటయే ఆయనకు మేలు చేసినదేమో! మెడను జిగురుతో అతుకక నాలుగు మరలతో బిగించెను. చెడినచో విప్పి వేరొకటి పెట్టవచ్చును. 1950లో వెలువడిన ఆ గిటారు బ్రాడ్‌కాస్టర్. అదే ధ్వనిగల పేరుతో గ్రెచ్ కంపెనీ డ్రమ్ములు అమ్ముచుండుటచే 1951లో టెలికాస్టర్ అని మార్చిరి. పోటీదారులు పడవతెడ్డని నవ్విరి. 1952లో గిబ్సన్ వారే లెస్ పాల్ పేరుతో గట్టిచెక్క గిటారును విడుదల చేసిరి.

కుండ పోయిన తరువాత నాదములోని భేదములెట్లు వచ్చును? తీగె ఒకే రీతిని కంపింపదు. మూలస్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగల అనుస్వరములును పలుకును. గుర్రము చెంత తీగె కొద్దిగానే కదలును. అక్కడ పై అనుస్వరముల పాలు హెచ్చు. అచటి పికప్ పదునుగా పలుకును. మెడ దగ్గరి పికప్‌కు మూలస్వరము బలముగా అందును గనుక నాదము మెత్తగా, నిండుగా నుండును. మెట్టుపై నొక్కని తీగెకు, గుర్రమునుండి నాలుగవ వంతు దూరమున పికప్ ఉన్నచో నాలుగవ అనుస్వరము దానికి వినబడదు. ఆ బిందువువద్ద ఆ కంపనమునకు చలనము లేదు. ఇక టోన్ మీట చేయు పని సులభము. ఒక కెపాసిటరు మీదుగా పై స్వరముల విద్యుత్తును భూమార్గమున పోనిచ్చును.

1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు మూడు పికప్‌లు, మూడు స్థానముల స్విచ్చి పెట్టెను: ఒకసారి ఒక్కటియే పలుకవలెనని ఆయన ఉద్దేశము. వాద్యకారులు స్విచ్చిని రెండు స్థానముల నడుమ నిలిపిరి! అప్పుడు రెండు పికప్‌లు కలిసి పలుకగా కొన్ని అనుస్వరములు పరస్పరము తగ్గి, ముక్కుతో పలికినట్టి వింత నాదము వచ్చినది. స్విచ్చి జారకుండ పుల్ల దూర్చినవారును కలరు. కంపెనీ ఐదు స్థానముల స్విచ్చిని 1977లో గాని అమర్చలేదు.

ఒంటిచుట్ట పికప్‌కు ఇంటి విద్యుత్తు వలని రొద కూడ అందును. అమెరికాలో అది సెకనుకు 60 ఆవృత్తులు, మన దేశమున 50. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదానిని వ్యతిరేకదిశలో కలిపి, దాని అయస్కాంతధ్రువమును కూడ తారుమారు చేసెను. బయటి రొద రెండింట ఎదురెదురై రద్దగును. తీగె ధ్వనియో, రెండుసార్లు తిరుగబడుటచే కూడికయే అగును. అయితే రెండు చుట్టలు తీగెను రెండుచోట్ల వినుటచే పై అనుస్వరములు కొంత తగ్గి నాదము దళసరియగును. రొద పోవుటకు చెల్లించిన వెల యిది. దళసరి నాదమును కోరువారికి అదియే లాభము.

గట్టిచెక్కకు ఇంకొక గుణము కలదు. డొల్ల వాద్యము తీగె శక్తిని త్వరగా గాలికి ధారపోయును. దిమ్మ అట్లు చేయదు గనుక స్వరము చాలసేపు నిలుచును. ఈ గుణము మన సంగీతమునకు ఉపకరించిన సందర్భమును చెప్పవలెను. మామూలు మాండలిన్‌కు నాలుగు జంటల తీగెలుండును; స్వరము తటాలున ఆరిపోవును. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గట్టిచెక్క విద్యుత్ మాండలిన్‌ను గ్రహించి, దానికి ఐదు ఒంటితీగెలు కట్టి, నిలిచిన స్వరముపై గమకములు పలికించెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయస్సు తొమ్మిదేండ్లు. 2014లో కీర్తిశేషులగువరకు అదే తరహా వాద్యముపై కర్ణాటక సంగీతమును వినిపించిరి.