గుట్ట కింది రాయి ఎవరిది? సంగారెడ్డి, పటాన్‌చెరు పట్టా భూముల్లో ఊళ్లో లేని వారసుల ఖనిజ రాబడి: ఒక పరిశీలన

సంగారెడ్డి జిల్లా తూర్పు భాగంలో గ్రానైటు, నైస్ శిలల గుట్టలు ఎక్కువ. పడమట జహీరాబాద్ వైపు నల్లరేగడి, దాని పక్కనే ఎర్రని లాటరైటు కనిపిస్తాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చాక, పారిశ్రామికవాడలు విస్తరించాక కంకరకూ మొరానికీ గిరాకీ పెరిగింది. దానితోపాటే ఒక మాట వ్యాప్తిలోకి వచ్చింది: పట్నంలోనో అమెరికాలోనో ఉన్న వారసులు తాతల నాటి భూమి మీద కూర్చున్నచోటనే రాయల్టీ తింటున్నారని. ఈ మాటలో కొంత నిజం ఉండవచ్చు. అయితే ‘రాయల్టీ’ అన్న పేరు కింద మూడు వేర్వేరు హక్కులు కలిసిపోయినట్టు కనిపిస్తుంది: భూగర్భం మీద యాజమాన్యం, తవ్వకానికి పట్టాదారు ఇచ్చే అంగీకారం, ఉపరితలం నష్టపోయినవారికి దక్కే పరిహారం. వీటిని విడదీయకుండా ఎవరు ఎంత తింటున్నారో తేల్చటం సాధ్యం కాదు.

1. మొదట యాజమాన్యపు మూలం. నిజాం ప్రభుత్వం 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి రాజ్యంలోని ఖనిజాల మీద 99 ఏళ్ల రాయితీ ఇచ్చింది. దాని మీద ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ వాటాల వ్యవహారం రచ్చకెక్కి, 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘం దాకా వెళ్లింది. ఖనిజాలు తన చేతిలోవేనని సర్కారు భావించిందని దీన్నిబట్టి ఊహించవచ్చు. కానీ ఆ కంపెనీ దృష్టి ప్రధానంగా బొగ్గు, బంగారం వంటి వాటి మీద ఉండేది. పటాన్‌చెరు రైతు పొలంలోని కట్టుబడి రాయి ఎవరిదన్న ప్రశ్నకు ఆ రాయితీని సాక్ష్యంగా నిలబెట్టటం బలహీనమైన వాదం.

2. జాగీర్లనుంచి హక్కు వచ్చిందనే వాదం ఇంకా బలహీనం. జాగీరు సాధారణంగా శిస్తు రాబడిని ఇచ్చేదే తప్ప నేలను ఇచ్చేది కాదు. జాగీర్దారు చనిపోతే వారసుడికి తిరిగి మంజూరు కావలసి వచ్చేది. 1358 ఫసలీ రద్దు నిబంధనతో, అంటే 1949 ఆగస్టులో, ఆ ఏర్పాటే ముగిసింది. కనుక నేటి వారసుల హక్కుకు మూలం వెతకవలసింది జాగీరు సనదుల్లో కాదు. సర్వే దస్త్రమైన సేత్వార్‌లో, 1954-55 ఖాస్రా పహాణీలో.

3. ఆ దస్త్రాల్లో ఒక చిక్కు ఉంది. సర్వే నంబరులో సాగుకు పనికిరాని గుట్ట భాగాన్ని పోట్ ఖరాబ్‌గా రాసి శిస్తు మినహాయించటం పాత పద్ధతి. రెవెన్యూ లెక్కలో విలువ లేని ఆ భాగమే ఇవాళ క్రషర్‌కు కావలసిన భాగం. పాత కుటుంబ పంపకాల్లో సాగుభూమిని గుంటలతో సహా పంచుకుని, గుట్టను ఉమ్మడిగానో అసలు ప్రస్తావించకుండానో వదిలేసి ఉంటే, పంపకం దస్తావేజు ఆ చోట మౌనంగానే ఉంటుంది. అప్పుడు విరాసత్ (వారసత్వ నమోదు)లో పేరెక్కిన ఒక్కరి అంగీకారం సరిపోతుందా? సరిపోదనే వాదానికి గట్టి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారం, ఆ తేదీకి ముందే పెళ్లయిన వారు తప్ప మిగతా కూతుళ్లు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కుదారులు. 2005 కేంద్ర సవరణ తర్వాత ఆ మినహాయింపు కూడా నిలిచేది కాదు. అత్తవారింట ఉన్న కూతురు కూడా ‘ఊళ్లో లేని వారసురాలే’ అన్న సంగతి ఈ చర్చలో తరచూ మరుగున పడుతుంది.

4. భూగర్భం సంగతికి వస్తే, త్రెసియమ్మ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 8న ఇచ్చిన తీర్పును ఎక్కువగా ఉదహరిస్తారు. జస్టిస్ చలమేశ్వర్ రాసిన ఆ తీర్పు సారం ఇది: చెల్లుబాటయ్యే పద్ధతిలో హక్కు తొలగించి ఉంటే తప్ప, భూమి ఎవరిదో కింది ఖనిజమూ మామూలుగా వారిదే. అయితే ఆ కేసు మలబారు జెన్మి (భూస్వామి) భూములకు సంబంధించినది. తెలంగాణ ప్రాంతంలో 1317 ఫసలీ (1907-08) నాటి భూమి శిస్తు చట్టానికి వేరే చరిత్ర ఉంది. దాన్ని పక్కన పెట్టి మలబారు నిర్ణయాన్ని సంగారెడ్డికి అతికించటం తొందరపాటే అవుతుంది.

5. యాజమాన్యం వారసుడిదే అనుకున్నా, రాబడి మొత్తం అతనిది కాదు. కంకర, మొరం 1957 నాటి గనులు, ఖనిజాల కేంద్ర చట్టం కింద చిన్నతరహా ఖనిజాలు. తవ్వకానికి 1966 నిబంధనల కింద అనుమతి కావాలి, సీనరేజీ రుసుము సర్కారుకు కట్టాలి. పట్టా భూమిలో యజమాని చేసేది అంగీకరించటం. టన్నుకింతో, ఎకరానికింతో క్వారీదారు అతనికి ఇచ్చేది ప్రైవేటు ఒప్పందపు సొమ్ము. జనం రాయల్టీ అంటున్నది బహుశా దీన్నే. 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో రాయల్టీ పన్ను కాదని, గుత్తకిచ్చినవారికి దక్కే ఒప్పంద ప్రతిఫలమని తేల్చింది. ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని కూడా చెప్పింది. ఖనిజం పట్టాదారుదైతే సర్కారు వసూలు చేసే సీనరేజీని ప్రతిఫలం అనాలా, పన్ను అనాలా? 2013, 2024 తీర్పులను పక్కపక్కన పెడితే ఈ వైరుధ్యం పైకి తేలుతుంది. దీని మీద తొందరపడి ఒక పక్షం వహించటం సరికాదు.

6. విదేశాల్లో ఉన్నవారి విషయం. విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా పొందవచ్చు. కనుక అమెరికాలోని పట్టాదారుకు సాగుభూమి ఉంటే అది వారసత్వమో, దేశంలో నివసించిన రోజుల్లో కొన్నదో అయి ఉండాలి. ఇందులో అక్రమం వెతకనక్కరలేదు.

7. అసలు అసమానత మరోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. 1957 చట్టానికి 1986లో చేర్చిన 24-ఏ సెక్షన్, ఉపరితల నష్టానికి పరిహారం భూమిని అనుభవిస్తున్నవారికి చెల్లించాలంటుంది. పట్టాదారు అని అనదు. చిన్నతరహా ఖనిజాలకు వర్తించవని 14వ సెక్షన్ మినహాయించినవి 5 నుంచి 13 వరకు ఉన్న సెక్షన్లు మాత్రమే. అంటే పట్టాదారు ఊళ్లో లేక కౌలుదారు దున్నుతున్న చోట, దుమ్ముతో, పేలుళ్లతో పంట పోయినప్పుడు పరిహారం అడిగే అర్హత కౌలుదారుకు ఉందని వాదించే వీలుంది. కానీ అనుభవాన్ని రుజువు చేయాలి. 2020లో మొదలైన ధరణి భూరికార్డుల పోర్టల్‌లో పాత పహాణీలోని అనుభవదారు కాలమ్ ఉండేది కాదు. అంతకుముందు 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారుకే అందింది. కౌలుదారుకు గుర్తింపు కార్డులిచ్చే 2011 చట్టం తెలంగాణలో దాదాపు పడకేసింది. చట్టం గుర్తించే అనుభవదారును దస్త్రం గుర్తించకపోతే, పరిహారం కూడా అంగీకారపత్రం మీద సంతకం చేసిన వారసుడి వైపే జారే అవకాశం ఎక్కువ. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. క్వారీకిచ్చిన భూమిని దున్నుతున్న కౌలుదారు 24-ఏ కింద దరఖాస్తు పెడితే అధికారి ముందుగా అడిగేది అనుభవానికి రుజువే కనుక, ఆ చట్టం కింద తయారయ్యే పహాణీ నకలులో అతని పేరుకు చోటుందా లేదా అన్నది సీనరేజీ రేట్లకంటే ముందు చూడవలసిన విషయం.