ద్రావణీయత: ఒక భావన చరిత్ర

నీళ్లలో ఒక పదార్థం ఎంతవరకు కరుగుతుందో చెప్పే కొలత ద్రావణీయత. ఒకానొక ఉష్ణోగ్రత దగ్గర 100 గ్రాముల నీటిలో గరిష్ఠంగా ఎన్ని గ్రాములు కరుగుతాయో చెప్పడం వాడుక. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మామూలు ఉప్పుకు ఇది సుమారు 36. అంతకు మించి వేసిన ఉప్పు ఎంత కలియబెట్టినా అడుగునే ఉంటుంది. పైన నిలిచినది సంతృప్త ద్రావణం.

ఈ అంకెలు పుట్టకముందే వాటి ఫలితాన్ని వాడుకున్న చేతులున్నాయి. తుపాకిమందుకు కావలసిన పెట్లుప్పును తీసిన బీహారు నోనియాల పని ఇందుకు గొప్ప ఉదాహరణ. చవిటిమట్టి మీద నీళ్లు పోసి దించిన ఊటలో పెట్లుప్పుతో పాటు మామూలు ఉప్పూ దిగుతుంది. ఊటను కాస్తే, నీరు ఇగిరేకొద్దీ ఉప్పు వేడిలోనే విడిపోతుంది. మిగిలినదాన్ని చల్లారబెడితే పెట్లుప్పు స్ఫటికాలు కడుతుంది. 20 డిగ్రీల దగ్గర 32 గ్రాములు కరిగే పెట్లుప్పు మరిగే నీటిలో 240 గ్రాములు దాటి కరుగుతుంది. ఉప్పు మాత్రం 39 దగ్గరే ఆగిపోతుంది.

వాయువుల ద్రావణీయత పీడనాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండులో విలియం హెన్రీ 1803లో చూపాడు. ఫ్రాన్సులో గే-లూసాక్ 1819లో లవణాల ద్రావణీయతను ఉష్ణోగ్రతతో జతచేసి గీతలుగా గీశాడు. సోడియం సల్ఫేటు గీత 32 డిగ్రీలు దాటాక కిందికి వంగుతుంది. వేడిచేస్తే ఏదైనా ఎక్కువ కరుగుతుందన్న వంటింటి అనుభవం అక్కడ చెల్లదు.

కరిగినట్టు కనిపించేదంతా ద్రావణం కాదని తేల్చినవాడు థామస్ గ్రాహం. తోలుకాగితం పొర గుండా ఉప్పు దాటిపోయింది, జిగురు దాటలేదు. ఆ రెండో రకానికి 1861లో ఆయన జిగురుకు చెందిన గ్రీకు మాటతో కొల్లాయిడ్ అని పేరు పెట్టాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోని కాంజికాభం అనే మాటలో గంజి కనిపిస్తుంది; అది ఎంతో సొగసైన ఎంపిక.

కరిగిన ఉప్పు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఉప్పు అణువులు అన్నే చక్కెర అణువుల కంటే దాదాపు రెట్టింపుగా నీటి ఘనీభవన స్థానాన్ని దించుతున్నాయి. స్వీడన్ యువకుడు స్వాంటె అర్హీనియస్ 1884లో ఉప్సాలాలో సమర్పించిన పరిశోధన వ్యాసానికి తక్కువ శ్రేణే దక్కింది. నీటిలో లవణం విద్యుదావేశమున్న అయాన్లుగా విడిపోతుందని 1887లో ఆయన స్పష్టంగా ప్రకటించాడు. నీటిని తాకితేనే భగ్గుమనే సోడియం అందులో చప్పుడు లేకుండా ఎలా ఉంటుందని ఎదిరించినవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆవేశం పొందిన పరమాణువు గుణాలే వేరన్నది దానికి జవాబు. 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే నీటిలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయే ఉప్పులాంటి బలమైన విద్యుద్విశ్లేష్యాలు ఆయన లెక్కకు లొంగలేదు. 1918లో జ్ఞానచంద్ర ఘోష్, 1923లో డిబై, హుకెల్ ఆ చిక్కుతో తలపడ్డారు. అంతకుముందే 1913లో బ్రాగ్ తండ్రీకొడుకుల ఎక్స్‌రే పరిశోధన మరో సంగతి చూపింది. ఉప్పు స్ఫటికంలో విడి అణువులే లేవు, అయాన్లే వరసగా పేర్చి ఉన్నాయి. నీరు అణువును పగలగొట్టడం లేదు, ఉన్న అయాన్లను చుట్టుముట్టి ఊడదీసుకుపోతోంది. స్ఫటికంలోని పట్టు గట్టిదైతే నీటి బలం చాలదు: గది ఉష్ణోగ్రత దగ్గర సిల్వర్ క్లోరైడ్ లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములకు మించి కరగదు.