దీనారం

మొన్న ఒక సభలో వక్త దీనారాన్ని అరబ్బుల మాట అన్నారు. మనసు చివుక్కుమంది. అరబ్బులకైనా మనకైనా అది రోమ్ నుంచి వచ్చినదే. లాటిన్ దెనారియస్ మొదట పది 'ఆస్'ల విలువ. ఆస్ కంచుది, దెనారియస్ వెండిది. దాని మూలంలోని 'దెకెమ్', సంస్కృతంలోని 'దశ' ఒకే ఇంటి పిల్లలు. మా నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఈ వెండి బిళ్లలు వేయికి పైగా దొరికాయి. మన దేశంలో తరచుగా బయటపడే అగస్టస్ నాణెం మీద ఆయన మనవలిద్దరు, వాళ్ల డాళ్లు, ఈటెలు, పైన పూజారుల గరిటె, వంకీ కర్ర: యుద్ధమూ దైవమూ వేలిగోరంత చోట. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనంలో ఆ మాటే 'దినారి మాషక' అయింది. శ్రీనాథుడి నాటికి దీనారమంటే బంగారమే. గ్రీకు ద్రఖ్మ మాత్రం ద్రమ్మమై, చిక్కి చిక్కి, మా నాయనమ్మ నోట దమ్మిడీగా మిగిలింది.