తాటాకుల నడుమ దొరికిన రాణి

కృష్ణగిరికి ఉత్తరాన, పాత కోలారు సీమలో ముళబాగిలు ఉంది. హోసూరు వాళ్లకూ అది దూరాభారం కాదు. పద్నాలుగో శతాబ్దంలో మొదటి బుక్కరాయల కొడుకు కుమార కంపన ఈ ఊళ్లోనే ఉంటూ విజయనగరం తరఫున చుట్టుపక్కల సీమను ఏలాడు. ఇక్కడి నుంచే దండెత్తి ముందు కంచిని, తరవాత మధుర సుల్తానును గెలిచాడు. అయితే ఆ దండయాత్ర ఎలా సాగిందో చెప్పే కథ మాత్రం చాలాకాలం ఎవరి చేతికీ చిక్కలేదు.

వెతకనివాళ్లు లేరు. యాత్రికుడు ఇబ్న్ బతూతా మధుర దర్బారును కళ్లారా చూసి రాశాడు కానీ, అతను వెళ్లిపోయాక గాని ఈ యుద్ధం జరగలేదు. సుల్తానుల నాణేల మీద పేర్లూ సంవత్సరాలే ఉన్నాయి. తమిళనాట గుడిగోడల మీద కంపన పేరు కనిపిస్తుంది. చదివితే అవి దానశాసనాలు. ఊరు విడిచి తిరిగిన రంగనాథుణ్ణి మళ్లీ శ్రీరంగంలో నిలిపారని కంపన సేనాని గోపనార్యుడి 1371 నాటి శాసనం చెబుతుంది. అంటే ముగింపు తెలుసు, మొదలు తెలుసు, నడుమ అంతా చీకటే.

1916లో తిరువనంతపురంలో ఎన్. రామస్వామి శాస్త్రి అనే పండితుడు ఒక ఇంటివారి గ్రంథాలయంలో తాటాకు ప్రతులు పరిశీలిస్తున్నాడు. రెండు వేరే గ్రంథాల నడుమ, వాటితో ఏ పొత్తూ లేని మూడోది ఇరుక్కుని కనిపించింది. పేరు మధురావిజయం. వీరకంపరాయ చరితం అని ఇంకో పేరు. రాసింది గంగాదేవి, సాక్షాత్తూ కంపన భార్య!

సంబరపడేలోపే చిక్కు వచ్చిపడింది. ఆకులు శిథిలమయ్యాయి, ఎన్నో శ్లోకాలు ఎగిరిపోయాయి. హరిహరశాస్త్రి, శ్రీనివాసశాస్త్రి ఓపికగా పరిష్కరించి అచ్చు వేయించారు. చరిత్రకారులు కావ్యాన్ని శాసనాల పక్కన పెట్టి చదివారు. కావ్యంలోని కంటకానన పట్టణం ముళబాగిలేనని తేల్చారు. అక్కడి నుంచి, కంచి సీమనేలిన శంబువరాయల రాజగంభీర దుర్గం, కంచి, మధుర ఒక దాని వెనక ఒకటి దారిలోకి వచ్చాయి.

రాణి పుట్టిల్లు ఏదో కూడా ఊహకు అందింది. పూర్వకవులను పొగుడుతూ ఆమె మన తిక్కనను తలుచుకుంది. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి కాలపు కవి విశ్వనాథుణ్ణి గురువుగా కీర్తించింది. తెలుగింటి ఆడపడుచు అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నా దృష్టిలో అసలు సంగతి కంచి తరవాత ఉంది. గెలిచిన రాజు అక్కడ విశ్రాంతిగా ఉంటాడు. ఋతువర్ణనలు సర్గలకు సర్గలు సాగుతాయి (కావ్యమర్యాద కదా, ఓర్చుకోవాలి). అప్పుడు ఒక అపరిచిత స్త్రీ వచ్చి పాడుపడిన మధుర గుళ్ల గోడు వినిపించి, పాండ్యుల ఖడ్గం చేతికిచ్చి, కదలమంటుంది. యుద్ధానికి పురికొల్పే మాటను గంగాదేవి ఒక స్త్రీ నోటనే పలికించింది. ఆ యుద్ధం ఎందుకు న్యాయమో లోకానికి చెప్పే పని తనే నెత్తికెత్తుకుంది. రాజకీయమంటే అదే.

రాజకీయం నడిపిన రాణులు వేరేచోట్లా ఉన్నారు. గంగాదేవికి సుమారు ఒక శతాబ్దం ముందు మంగోలు రాజ్యంలో ఒగెదెయ్ ఖాన్ 1241లో పోయాక, భార్య తోరెగెనె ఐదేళ్లు పాలన నడిపి 1246లో కొడుకు గుయుక్‌ను గద్దెనెక్కించింది. 1251లో మోంగ్కే ఖాన్ అయ్యాడంటే తల్లి సోర్ఖఖ్తానీ చక్రం తిప్పబట్టే. అధికారంలో వాళ్లు గంగాదేవికి అందనంత ఎత్తు. కానీ వాళ్ల కథ మనకు చేరింది ఎక్కువగా జువైనీ, రషీదుద్దీన్ లాంటి కొలువు చరిత్రకారుల కలంతో. గంగాదేవి కలం తన చేతిలోనే ఉంచుకుంది.

కంపన 1374లో చనిపోయాడు, తండ్రి బుక్కరాయల కంటే ముందే. సింహాసనం ఎక్కలేదు. ఈనాడు అతని దండయాత్రను వరస తప్పకుండా చెప్పగలుగుతున్నామంటే అది చాలామటుకు భార్య రాసిన కావ్యం చలవే.