ప్లాస్టిక్ హెడ్‌లైట్లపై రంగు తొలగించుట

ప్లాస్టిక్ హెడ్‌లైట్లపై రంగు తొలగించుట అనగా వాహనపు ముందు దీపాలపై పూసిన లేదా చింది పడిన అనవసరపు రంగును ప్లాస్టిక్కుకు హాని కలగకుండా తీసివేయడం. గాజు దీపాలకు పనికివచ్చే థిన్నర్ ప్లాస్టిక్ దీపాలను పాడు చేస్తుంది.

నేపథ్యం

ఎదుటి వాహనదారుని కళ్లు చెదరకుండా హెడ్‌లైటు పైసగానికి నల్లరంగు వేయడం, లేదా నడుమ నల్లని చుక్క పెట్టడం భారతదేశంలో చాలాకాలం వాడుకలో ఉండేది. 1971 యుద్ధకాలపు బ్లాకౌట్లలో కూడా దీపాలకు నల్లరంగు పూశారు. అంబాసిడర్ వంటి పాత కార్లవి గాజు దీపాలు కనుక ఆ రంగును థిన్నర్‌తో తుడిచినా, బ్లేడుతో గీకినా నష్టం ఉండేది కాదు. నేటి కార్ల దీపాల ముందుభాగం పాలీకార్బొనేట్‌తో తయారవుతుంది. దానిపై సూర్యరశ్మిని తట్టుకొనే పలుచని గట్టి పూత ఉంటుంది. వెనుకనున్న డొప్ప సాధారణంగా పాలీప్రొపిలీన్‌ది. దీనికి రంగు గట్టిగా అంటదు.

ద్రావణుల ప్రభావం

ఎసిటోన్, థిన్నర్, పెట్రోలు పాలీకార్బొనేట్‌కు తగలరాదు. అచ్చులో పోసినపుడు ప్లాస్టిక్కులో మిగిలిన ఒత్తిడికి ఈ ద్రవాలు తోడైనపుడు వెంట్రుక వంటి సన్నని బీటలు ఏర్పడతాయి. ఇవి వెంటనే కనిపించక, కొన్ని గంటలకో రోజులకో బయటపడవచ్చు. అందువలన తుడిచిన వెంటనే దీపం మెరిసినంత మాత్రాన పని చక్కగా జరిగినదని భావించరాదు. బీటలు వారిన దీపంలో వెలుగు చెదిరి, రాత్రివేళ దారి సరిగా కనిపించదు. ఆ బీటలకు మరమ్మతు లేదు.

విధానం

కర్నూలు జిల్లాలోని ఆలూరు, ఆదోని వంటి మెట్ట ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, దుమ్ము కూడా ఎక్కువ. దుమ్ముపై గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి కనుక మొదట నీటితో కడగాలి. ఎండలో ద్రవం వెంటనే ఆరిపోతుంది కాబట్టి తెల్లవారుజామున, లేదా నీడలో పని చేయడం మేలు.

తడి ఆరని రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, సబ్బునీటితో కడగాలి. ఎండిన రంగును అదే ద్రవంతో కొద్దిసేపు తడిగా ఉంచి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నెమ్మదిగా లేపాలి. ఇనుప బ్లేడు వాడరాదు.

అప్పటికీ పోని రంగును 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపరుతో వరుసగా తడిగా రుద్ది, పాలిష్ పట్టాలి. అయితే ఇది రంగుతోపాటు పైపూతను కూడా తీసివేస్తుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పారదర్శక పూతను తిరిగి వేయనిచో దీపం త్వరలోనే పసుపుబారుతుంది. మరమ్మతులలో తరచు వదిలివేయబడేది ఈ చివరి పనే.

దీపం లోపలి అద్దానికి అల్యూమినియం పూత ఉంటుంది. అది గుడ్డ తగిలినా చెరిగిపోతుంది కనుక లోపల పడిన రంగును తుడవరాదు. దీపాన్ని మార్చుకోవడమే సురక్షితం.