తంత్రీనాదము, వేణుశ్వాస

1507వ సంవత్సరమున వెనీసు నగరమందు పెట్రూచి అను ముద్రాపకుడు ఫ్రాంచెస్కో స్పినచీనో కూర్చిన ల్యూటు సంగీతమును ప్రకటించెను. అచ్చయిన ల్యూటు గ్రంథములలో నేటికి దక్కినవానిలో మొదటిది ఇదియే. ల్యూటు మన వీణవలె మెట్లు గల తంత్రీవాద్యము. దాని లిపి స్వరముల పేర్లను చెప్పదు. ఏ తంత్రిని ఏ మెట్టున నొక్కవలెనో, ఎప్పుడు మీటవలెనో మాత్రమే చెప్పును. మీటిన నాదము ఎంతసేపు నిలువవలెనో చెప్పదు. ఏలయన అది తనంతట తానే క్షీణించును.

ఈ సంగీతమును వేణువునకును ల్యూటునకును పంచునప్పుడు చిక్కు ఇచ్చటనే కలుగును. వేణువు శ్వాస ఉన్నంతవరకు నాదమును నిలుపగలదు. కావున లిపి చెప్పని కాలప్రమాణమును కూర్చువాడే నిర్ణయింపవలెను. పై స్వరపంక్తిని వేణువున కొసగి, తక్కిన పంక్తులను ల్యూటునకు విడుచుట సాధారణ మార్గము. ఇది మూలకృతికి అపచారము కాదు. స్పినచీనో కృతులలో పెక్కు గాత్రగీతములకు ల్యూటు రూపములే. పై పంక్తి వేణువును చేరినప్పుడు గీతము మరల ఊపిరిని పొందును. 1599లో లండనున థామస్ మోర్లీ ప్రకటించిన మేళసంగీత గ్రంథమునందును ఈ రెండు వాద్యములకు కలిసియే చోటు దొరకెను.

తెలుగువారికిది క్రొత్త సమస్య కాదు. 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకములకు గుర్తుల నొసగెను. వానిలో ఒడుక్కల్ వంటివి వైణికుని వ్రేళ్ల పనిని తెలుపును. లాగుటకు తంత్రి లేని వేణువాదకుడు రంధ్రమును కొంత మూసియు, శ్వాసను సవరించియు ఆ నాదమును సాధింపవలెను. లిపి చేతి పనిని మాత్రమే చూపును. దాని వెనుకనున్న నాదమును వినగలవాడే కృతిని మరియొక వాద్యమునకు సజీవముగా చేర్పగలడు.