నారుమడి నుంచి ప్రోట్రే దాకా

ఒక్కో విత్తనాన్ని ఒక్కో చిన్న గుంతలో మొలిపించి, వేళ్లు అల్లుకున్న ముద్దతో సహా మొక్కను ఎత్తి నాటితే దాన్ని తెలుగు రైతులు ప్రోట్రే నారు అంటారు. పూలమొక్కల వ్యాపారంలో అదే ప్లగ్. మిరప, టమాటా, క్యాబేజీ నారే కాదు, తోటల్లో నాటే బంతి, పెటూనియా కూడా ఇప్పుడు ఎక్కువగా ఇలాగే పెరుగుతున్నాయి. ఈ పద్ధతి ఇప్పటి రూపానికి వచ్చి అరవై ఏళ్లు కూడా కాలేదు. అది తీర్చిన ఇబ్బంది మాత్రం నారు పోసి నాటే సేద్యమంత పాతది: నారు పీకితే వేరు తెగుతుంది.

మొక్క నీటిని ఎక్కువగా పీల్చేది వేరు చివర్ల దగ్గరుండే సన్నని మూలకేశాలతో. మడిలోంచి పీకినప్పుడు అవి మట్టిలోనే ఉండిపోతాయి. నాటిన మొక్క వాలిపోతుంది, కొత్త వేరు వేసేదాకా ఎదగదు. నిలువ నీటిలో నాటే వరి దీన్ని తట్టుకుంటుంది. మిరప, టమాటా కొన్ని రోజులు వెనకబడి తేరుకుంటాయి. బీర, దోస, పుచ్చ అసలు ఓర్చుకోవు కాబట్టి వాటి గింజను నేరుగా పొలంలోనే పెట్టేవారు. దీనికి తోడు నారుకుళ్లు తెగులు. పిథియం, రైజాక్టోనియా వంటి సూక్ష్మజీవులు ఒత్తుగా మొలిచిన మడిలో ఒక మూల మొదలైతే చూస్తుండగానే మడంతా పడుకుంటుంది. మడిని ఎత్తుగా కట్టడం, పలచగా విత్తడం, బోర్డో మిశ్రమం పోయడం వంటివన్నీ ఆ నష్టాన్ని తగ్గించే ప్రయత్నాలే.

ప్లగ్ చరిత్ర ట్రేతో కాదు, మట్టితో మొదలవుతుంది. 1930లలో లండన్ దక్షిణాన మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో, జన్యు పరిశోధన కోసం పెంచుతున్న ప్రిములా మొలకలు పదేపదే చచ్చిపోయేవి. విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ దానికి కారణం వెతుకుతూ, తోటమట్టిని ఆవిరితో శుద్ధి చేసి, ఏడు పాళ్ల మట్టికి మూడు పాళ్ల పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న నాచు), రెండు పాళ్ల ఇసుక కలిపే మిశ్రమాన్ని కుండీల కోసం ఖాయం చేశారు. సంస్థ ఆ పాళ్లను దాచుకోకుండా ప్రకటించింది. బ్రిటన్ తోటమాలులు ఇప్పటికీ ఆ పేరుతోనే మిశ్రమం కొంటారు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ బేకర్ బృందం సన్న ఇసుక, పీట్ మిశ్రమాల మీద 1957లో సమగ్రమైన పుస్తకం వెలువరించింది. 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బూడ్లీ, రేమండ్ షెల్‌డ్రేక్ మట్టిని పూర్తిగా తీసేసి, పీట్‌కు వర్మిక్యులైట్ లేదా పెర్లైట్ అనే తేలికైన ఖనిజాలను కలిపారు. మామూలు పొలం మట్టి చిన్న గుంతలో ఇటుకలా బిగుసుకుంటుంది, అడుగున నీరు నిలిచి వేరుకు గాలి అందదు. తేలికైన ఈ మిశ్రమం నీటినీ గాలినీ రెంటినీ పట్టి ఉంచుతుంది. అది లేకపోతే ఎంత మంచి ట్రే అయినా పనికొచ్చేది కాదు.

ట్రే విషయంలో పలు దేశాలు విడివిడిగా తంటాలు పడ్డాయి. వేసవి పొట్టిగా ఉండే జపాన్‌లోని హొక్కైడోలో చక్కెర దుంప పంటకు నెలరోజులు కలిసొచ్చేలా, నిప్పన్ బీట్ షుగర్ కంపెనీ ఒకదానికొకటి అంటుకున్న కాగితపు గొట్టాల్లో నారు పెంచే పద్ధతి తెచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ వాల్టర్స్ అటవీ మొక్కలను ప్లాస్టిక్ తూటాల్లో పెంచి, తుపాకీలాంటి పరికరంతో తూటాతో సహా నేలలో దించాడు. వేరు ఆ తూటా దాటి పరుచుకోవడం కష్టమైంది. దాంతో అక్కడివారు మొక్కను థర్మోకోల్ దిమ్మెల్లో పెంచి, ముద్దను బయటికి తీసి నాటే దారి పట్టారు. నాటేటప్పుడు వేరుకు ఏ తొడుగూ ఉండకూడదన్న ఈ నిర్ణయమే ప్లగ్‌కు ప్రాణం.

మిగిలిన చిక్కు, వేళ్లు గుంత గోడల వెంట చుట్టుకుపోవడం. ఫ్లోరిడాలో స్పీడ్లింగ్ సంస్థ పెట్టిన జార్జ్ టాడ్ గుంతలను తలకిందుల పిరమిడ్ ఆకారంలో పోతపోయించి, అడుగున రంధ్రం ఉంచి, ట్రేలను నేలకు తగలకుండా ఎత్తులో నిలిపాడు. ఏటవాలు గోడ వేరును కిందికి నడిపిస్తుంది. రంధ్రం దగ్గర పొడిగాలి తగిలి వేరు కొస ఎండిపోతుంది. అప్పుడు పైనుంచి పక్కవేళ్లు పుట్టుకొచ్చి ముద్దంతా అల్లుకుంటాయి. కత్తి పెట్టకుండా వేరును కత్తిరించే ఈ ఉపాయం ఈ చరిత్రలోకెల్లా అందమైనది. ఆ తర్వాత మిషిగన్‌లో బ్లాక్‌మోర్ కంపెనీ వంటివి విత్తే యంత్రాలు తేవడంతో, వందల గుంతల ట్రేలలో పూలమొక్కల ప్లగ్‌లు పెంచి ఇతర నర్సరీలకు అమ్మడం ఒక ప్రత్యేక వృత్తి అయింది. బ్రిటన్‌లో విత్తన కంపెనీలు వాటిని పోస్టులో ఇళ్లకే పంపసాగాయి.

భారతదేశంలో ఈ పద్ధతికి దారి వేసింది విత్తనం ధర. 1965లో బెంగళూరులో మన్మోహన్ అత్తావర్ స్థాపించిన ఇండో-అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ వంటి సంస్థల హైబ్రిడ్ విత్తనం వచ్చాక, గుప్పెడు గింజలు చల్లి బతికినవి చూసుకునే రోజులు పోయాయి. మన దగ్గర పీట్ పెద్దగా దొరకదు. కేరళలో పీచు పరిశ్రమల పక్కన గుట్టలుగా పడి, లిగ్నిన్ వల్ల త్వరగా కుళ్లని కొబ్బరిపొట్టే ఆ లోటు తీర్చింది. ఉప్పు పోయేదాకా కడిగి, మాగబెట్టిన ఆ పొట్టే ఇప్పటి కోకోపీట్. కొబ్బరితోటల కోనసీమలోనూ దానికి ముడిసరుకు దండిగా ఉంది.

కూరగాయలకు ఎక్కువగా వాడేది 98 గుంతల ట్రే. దానికి సుమారు 1.2 కిలోల కోకోపీట్ పడుతుంది. విత్తాక ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథిన్ కప్పుతారు. మొలక కనిపించగానే నెట్‌హౌస్‌లో పరుస్తారు. తెల్లదోమను అడ్డుకునే సన్నని వల లేకపోతే, ఆకుముడత వైరస్ నారులోనే అంటుకుని పొలానికి వస్తుంది. రాజమహేంద్రవరంలోని కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పొగాకుకూ ట్రే నారును ప్రోత్సహించింది. రైతు తన విత్తన ప్యాకెట్ తెచ్చి ఇస్తే మొక్కకు ఇంతని తీసుకుని పెంచి ఇచ్చే నర్సరీలు పుట్టుకొచ్చాయి. ఆ మేరకు రైతు ఇంటి పని ఒకటి బయటివారి చేతికి వెళ్లింది. 25 నుంచి 30 రోజుల తర్వాత వేరుకు చోటు చాలదు, నారు ముదిరిపోతుంది. వాన ఆలస్యమైన ఏడు ఈ గడువే రైతును కంగారు పెడుతుంది.

అంటుకట్టిన కూరగాయల నారుకూ ఈ ట్రేలే ఆధారం. పుచ్చను గుమ్మడి జాతి వేరుమొక్కపై అంటుకట్టడం 1920ల నాటికే జపాన్‌లో ఉంది. ట్రేలలో ఒకే ఎత్తున, ఒకే మందాన పెరిగిన మొలకలు దొరికాక అది వేల మొక్కల పని అయింది. బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే వంగ వేరుపై టమాటాను చిన్న క్లిప్పుతో అతికించి, తేమ నిండిన గదిలో కొన్ని రోజులు ఉంచి, అదే గుంతలో పెంచి రైతులకు అమ్ముతున్నారు.